రాత్రి డ్యూటీలో ఎంతమంది సిస్టర్లు?

మొన్న వైజాగ్ ఎంవీపీ కాలనీలో బంధువుల ఇంట్లో భోజనాల దగ్గర హాస్పిటల్ కబుర్లు వచ్చాయి. ఎవరికి ఏ ఆపరేషన్ అయింది, ఎంత బిల్లయింది అన్నవి అయిపోయాక మాట సిస్టర్ల మీదికి మళ్లింది. పిలిస్తే పలకరని ఒకరు, సెలైన్ అయిపోయి పైపులోకి రక్తం వస్తున్నా రారని ఇంకొకరు, ఎప్పుడు చూసినా విసుక్కుంటారని మరొకరు. అక్కడున్న ప్రతి ఒక్కరి దగ్గరా ఏదో ఒక అనుభవం ఉంది. అవి అబద్ధాలని నేను అనను. అమ్మకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినప్పుడు రాత్రిళ్లు పక్కన ఉన్నది నేనే. నా దగ్గరా అలాంటివి ఉన్నాయి.

కానీ అంతసేపు మాట్లాడుకున్నా ఒక్క సంగతి ఎవరి నోటా రాలేదు. ఆ రాత్రి ఆ వార్డులో పేషెంట్లు ఎంతమంది, సిస్టర్లు ఎంతమంది? నేనే అడిగాను. ఒక్కరికీ తెలియదు. డాక్టరు ఎక్కడ చదివాడో, ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేశాడో కనుక్కుని మరీ చేరతాం. రూములో ఏసీ ఉందా, అటెండెంటుకి మంచం ఇస్తారా అని అడుగుతాం. ఆపరేషన్ గంటా రెండు గంటల్లో అయిపోతుంది. ఆ తర్వాత రోజుల తరబడి మన మనిషి ఉండేది సిస్టర్ల చేతుల్లోనే. అయినా ఆ అంకె మాత్రం అడగం.

ప్రతి ఆసుపత్రిలో, ప్రతి వార్డు గుమ్మం దగ్గర, ప్రతి షిఫ్టుకీ ఆ రెండు అంకెలూ రాసి పెట్టాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఎందుకు అనుకుంటున్నానో, నాకున్న అనుమానాలేమిటో చెప్తాను.

ఒక్కో పేషెంటు పెరిగితే

అమ్మ ఇంటికి వచ్చాక ఈ విషయం మీద దొరికినంత చదివాను. అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకునేది నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో అమెరికా వైద్య పత్రిక జామాలో వేసిన పరిశోధన. పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులు, పది వేల మందికి పైగా నర్సులు, 2,32,342 మంది ఆపరేషన్ పేషెంట్లు. ఒక్కో నర్సు చూసుకునే పేషెంట్ల సంఖ్య ఒకటి పెరిగితే, ఆపరేషన్ అయిన 30 రోజుల్లోపు పేషెంటు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. నలుగురిని చూసే చోటుకీ ఎనిమిది మందిని చూసే చోటుకీ తేడా 31 శాతం. ఇంకో పేషెంటు పెరిగితే నర్సు మానసికంగా అలిసిపోయే అవకాశం 23 శాతం పెరుగుతుందని కూడా అదే పరిశోధన చెప్పింది. మనం 'విసుగు' అంటున్నది చాలా వరకు ఈ అలసటే అని నా నమ్మకం. 2014లో తొమ్మిది యూరప్ దేశాల్లోని 300 ఆసుపత్రులను చూసినా అదే 7 శాతం వచ్చింది.

ఇక్కడ అనుమానం రావాలి. నాకూ వచ్చింది. నర్సులు ఎక్కువున్న ఆసుపత్రికి డబ్బుంటుంది, మంచి పరికరాలుంటాయి, మంచి డాక్టర్లుంటారు. చావులు తగ్గింది వాటివల్ల కావచ్చు కదా? అందుకే ఇంగ్లండ్‌లో జరిగిన ఒక పరిశోధన నాకు ఎక్కువ నమ్మకంగా అనిపించింది. పీటర్ గ్రిఫిత్స్ బృందం ఆసుపత్రికీ ఆసుపత్రికీ పోలిక పెట్టలేదు. ఒకే ఆసుపత్రిలో 1,38,133 మంది పేషెంట్లను మూడేళ్ల పాటు చూశారు. ఏ వార్డును ఆ వార్డుతోనే పోల్చారు. మామూలుగా ఉండే నర్సుల కంటే తక్కువమంది ఉన్న ఒక్కో రోజుకీ పేషెంటు మరణ ప్రమాదం 3 శాతం పెరిగింది. వార్డూ అదే, డాక్టర్లూ వాళ్లే, మారింది డ్యూటీలో ఉన్న నర్సుల సంఖ్య. దాని తర్వాత నా అనుమానం చాలా వరకు తీరిపోయింది.

ఊపిరి లెక్క

అంకెలు సరే, నర్సు తక్కువైతే మనిషి ఎలా చనిపోతాడు? ఇది నాకు మా పిన్ని కూతురు వల్ల అర్థమైంది. జీఎన్ఎం అనే నర్సింగ్ కోర్సు చదివి చాలా ఏళ్లుగా ఈ ఊళ్లోనే స్టాఫ్ నర్సుగా చేస్తోంది. ఒకసారి అమ్మ కేస్ షీటు ఫోటో తనకి పంపాను. బీపీ, పల్స్, టెంపరేచర్ చూసి, చివరి గడిలో ఊపిరి లెక్క చూసి ఫోన్ చేసింది. పగలూ రాత్రీ అన్ని పూటలా 20 అనే ఉంది.

"అక్కా, పెద్దమ్మ ఊపిరి ఎవరూ లెక్కపెట్టలేదు" అంది.

నాకు కోపం వచ్చింది. తను నన్ను ఆపి లెక్క చెప్పింది. బీపీకి మిషనుంది, పల్స్‌కి వేలికి క్లిప్పు పెడతారు. ఊపిరికి మాత్రం సిస్టరు నిలబడి, పేషెంటు ఛాతీ చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టాలి. వార్డులో ఇరవై మంది ఉన్నారనుకుంటే ఒక రౌండుకి ఇరవై నిమిషాలు దానికే. ఆ ఇరవై నిమిషాల్లో రెండు సెలైన్లు అయిపోతాయి, ఒక కొత్త అడ్మిషన్ వస్తుంది, థియేటర్ నుంచి ఫోనొస్తుంది. "అందరికీ ఇరవై వేసేస్తారక్కా. వేసేవాళ్లకి అది తప్పని తెలీదనుకోకు."

ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. చాలా దేశాల్లో నర్సింగ్ పరిశోధకులు ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఊపిరి లెక్కేనని రాస్తూనే ఉన్నారు. అయితే పేషెంటు పరిస్థితి దిగజారేటప్పుడు చాలాసార్లు ముందుగా మారేది అదే. బ్రిటన్‌లో 2012 నుంచి వాడుతున్న ముందస్తు హెచ్చరిక స్కోరులో నిమిషానికి 25 లేదా అంతకంటే ఎక్కువ ఊపిరులుంటే ఒక్కసారే మూడు పాయింట్లు వేస్తారు. అంటే వెంటనే డాక్టర్ని పిలవాల్సిన సంకేతం. ఆ గడిలో 20 అని ఉంటే ఏ డాక్టరూ రాడు. ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షనో, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డో రావడం సర్జన్ చేతిలో ఎప్పుడూ ఉండదు. దాన్ని మూడు గంటల ముందు పసిగట్టడం మాత్రం సిస్టరు చేతిలో ఉంటుంది, ఆమెకి అక్కడ నిలబడే తీరిక ఉంటే.

మందుల సంగతీ అంతే. సిడ్నీలోని రెండు ఆసుపత్రుల్లో నర్సులు మందులిస్తున్నప్పుడు పక్కనే ఉండి గమనించారు. 2010లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం పని మధ్యలో ఎవరైనా ఆపిన ఒక్కోసారికీ మందుకి సంబంధించిన పొరపాట్లు 12.7 శాతం పెరిగాయి. అమ్మ ఉన్న వార్డులో ఒక రాత్రి సిస్టరు ట్రాలీ దగ్గర యాంటీబయాటిక్ కలుపుతోంది. ఆ ఒక్క ఇంజెక్షన్ పూర్తయ్యేలోపు ముగ్గురు అటెండెంట్లు వచ్చి పిలిచారు, ఒకసారి ఫోన్ మోగింది. ముగ్గురివీ న్యాయమైన అవసరాలే. ఆమె ప్రతిసారీ మందు సీసా మీద పేరు మళ్లీ మొదటి నుంచి చదువుకుంది. చివరగా పిలిచినాయన మీద గొంతు పెంచింది. ఆయన మర్నాడు కంప్లయింట్ పెట్టాడు.

అటెండెంట్లు నడిపే వార్డు

పశ్చిమ దేశాల అంకెలు మనకి పనికిరావనే వాళ్లకి ఒక మంచి వాదన ఉంది. అక్కడ పేషెంటు పక్కన ఇంటివాళ్లు ఉండరు. ఇక్కడ ఉంటారు. తినిపించడం, బెడ్ పాన్ పెట్టడం, ఒళ్లు తుడవడం, పక్కకి తిప్పడం అన్నీ మనమే చేస్తాం. కాబట్టి తక్కువ సిస్టర్లతో నడుస్తుంది కదా?

కొంత వరకు నిజమే. పైగా ఇంటి మనిషి చెయ్యి పక్కన ఉంటే పేషెంటుకి ఉండే ధైర్యం వేరు. అది పోవాలని నేను కోరుకోను. కానీ అమ్మ పక్క మంచం సంగతి చెప్పాలి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్దాయన, నడుం కింద కదలిక లేదు. ఆయన భార్య ఒక్కతే అటెండెంటు. ఆవిడకే అరవై దాటి ఉంటాయి. రెండు గంటలకోసారి తిప్పాలని సిస్టరు ఒకసారి చూపించి వెళ్లింది. "ఏటమ్మా, నానొక్కదాన్నీ ఎలా తిప్పుతాను?" అని ఆవిడ నన్ను అడిగింది. మెలకువగా ఉన్నప్పుడు ఇద్దరం కలిసి తిప్పాం. ఇద్దరం నిద్రపోయిన రాత్రి ఎవరూ తిప్పలేదు. వాళ్లు డిశ్చార్జి అయ్యేనాటికి ఆయన నడుం కింద చర్మం ఎర్రబారి, ఒకచోట లేచిపోయింది. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు.

బియాట్రిస్ కాలిష్ అనే నర్సింగ్ ప్రొఫెసరు 2006లో ఇలా జరగకుండా పోయే పనుల జాబితా వేసింది. నడిపించడం, పక్కకి తిప్పడం, వేళకి తినిపించడం, శుభ్రం చెయ్యడం, ధైర్యం చెప్పడం, జాగ్రత్తలు నేర్పడం, ఎంత తాగారో ఎంత మూత్రం పోశారో రాయడం, ఇంటికి పంపేముందు సిద్ధం చెయ్యడం, కనిపెట్టి ఉండడం. ఆమె చెప్పింది నర్సులకి ఇవి తెలియవని కాదు. చేతులు చాలనప్పుడు ఏవి ముందు ఆగిపోతాయన్నది. మన వార్డుల్లో వీటిలో చాలావాటిని అటెండెంట్ల మీద పెట్టేశాం. ఆఖరిదాన్ని మాత్రం అటెండెంటు చెయ్యలేదు. కాలి వాపు మామూలుదో రక్తం గడ్డకట్టిందో నాకేం తెలుసు?

చేతులూ సమయమూ ఉంటే మన సిస్టర్లు ఏం చెయ్యగలరో దేశమంతా చూసింది. ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ 1973లో దాడికి గురై, 2015లో చనిపోయే దాకా అదే ఆసుపత్రిలో మంచం మీద ఉంది. అక్కడి నర్సులు తరం తర్వాత తరం చూసుకున్నారు. అన్నేళ్లు మంచాన ఉన్నా ఆమెకి ఒక్క బెడ్‌సోర్ (కదలకుండా పడుకోవడం వల్ల పడే పుండు) కూడా లేదని తెలిసి 2011లో సుప్రీంకోర్టు ఆ నర్సులను ప్రత్యేకంగా మెచ్చుకుంది. పక్క మంచం పెద్దాయనని చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది.

కాగితం మీద ఒకటికి మూడు

మనకి నియమాలు లేవా? ఉన్నాయి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, సెలవుల కోసం మరో 30 శాతం అదనం. వినడానికి బాగుంది. కానీ ఈ ఒకటికి మూడు అన్నది మూడు షిఫ్టుల నర్సులనీ కలిపి వేసే లెక్క. షిఫ్టుకి చూస్తే ఒకరికి తొమ్మిది మంది. అదే పద్ధతిలో మామూలు ఆసుపత్రిలో ఒకరికి పదిహేను మంది. పెన్సిల్వేనియాలో ప్రమాదకరం అనుకున్న చివరి అంచు ఎనిమిది. అంటే మన నియమాన్ని అక్షరాలా పాటించినా ఆ పరిశోధన పరిధి దాటే ఉంటాం. ఇక రాత్రి షిఫ్టు చాలాచోట్ల పన్నెండు గంటలు, రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు. మిగతా షిఫ్టుల కంటే మనుషులు తగ్గేదీ అప్పుడే.

జీతాల విషయంలో 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన మీదట కేంద్రం కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు ఉన్నవి కూడా నెలకి 20,000కి తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. మా పిన్ని కూతురు ఆ తర్వాత చేరిన ఒక ఆసుపత్రిలో అంతకంటే తక్కువకే చేసింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బాండు రాయించుకున్నారు కాబట్టి మానెయ్యడానికీ లేకపోయింది. తనతో చదివినవాళ్లలో కొందరు గల్ఫ్‌కి వెళ్లిపోయారు. మా చిన్నప్పుడు వైజాగ్ ఆసుపత్రుల్లో సిస్టరంటే మలయాళీ అనే అనుకునేవాళ్లం. ఇప్పుడు మన పిల్లలే చదువుతున్నారు, మన ఊళ్లో నిలవలేక వాళ్లే వెళ్లిపోతున్నారు.

అంకె ఒక్కటే చాలదు

నా వాదనకి అన్నిటికంటే గట్టి ఎదురుదెబ్బ ఐకెన్ బృందం నుంచే వచ్చింది. 2011లో వాళ్లే ఇంకో పరిశోధన వేశారు. పని వాతావరణం బాగున్న ఆసుపత్రుల్లో నర్సుకి పేషెంట్లను తగ్గిస్తే మరణాలు బాగా తగ్గుతున్నాయి. వాతావరణం అధ్వానంగా ఉన్నచోట నర్సులను పెంచినా ఫలితం కనపడలేదు. డాక్టరు నర్సు మాట వినడు, సామాన్లు వేళకి రావు, ఇన్‌ఛార్జి అండగా నిలబడదు. అలాంటి చోట ఇంకో ఇద్దరిని తెచ్చినా వాళ్లూ ఆ గందరగోళంలోనే కలిసిపోతారు.

ఇది నేను కళ్లారా చూశాను. అమ్మ వార్డులో ఒక ఇన్‌ఛార్జి సిస్టరు ఉండేది. ఆవిడ పగలు ఉన్నప్పుడు అంతే మంది సిస్టర్లతో వార్డు నెమ్మదిగా ఉండేది. వస్తూనే అందరి మంచాల దగ్గరికీ వెళ్లి, "ఈ పూట మీకు ఈ సిస్టరు" అని పేరు చెప్పి చూపించేది. ఎవర్ని పిలవాలో తెలుసు కాబట్టి అటెండెంట్లు డెస్కు చుట్టూ మూగేవాళ్లు కాదు. రౌండ్సులో డాక్టరు తొందరపడుతుంటే, "సార్, ఈవిడకి రాత్రి రెండుసార్లు కళ్లు తిరిగాయి, చూసి వెళ్లండి" అని నిలబెట్టేది. ఆయన నిలబడేవాడు.

కాబట్టి అంకె ఉంటే అన్నీ ఉన్నట్టు కాదు. కానీ ఆవిడ మంచితనం కూడా రాత్రి ఎనిమిదికి డ్యూటీ దిగిపోయేది. మంచి ఇన్‌ఛార్జి ఉండడం అదృష్టం. సరిపడా సిస్టర్లు ఉండడం ఆసుపత్రి చెయ్యాల్సిన ఏర్పాటు. మొదటిది లేదన్న సాకుతో రెండోది వాయిదా వెయ్యకూడదు.

బిల్లులో ఉన్న లైను

డబ్బెవరు పెడతారన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే అమ్మ డిశ్చార్జి బిల్లులో రూము అద్దె కింద 'నర్సింగ్ ఛార్జీలు' అని రోజువారీగా ఒక లైను ఉంది. అదే లైను పక్క మంచం వాళ్లకీ ఉంది, ఆ ఫ్లోరులో అందరికీ ఉంది. దానికి మనం విడిగా డబ్బు కడుతున్నాం. ఆ డబ్బుకి ఎంతమంది నర్సులు వచ్చారో అడిగే హక్కు మనకి లేదా? బిల్లింగ్ కౌంటర్లో అడిగాను. అది అంతర్గత విషయం అన్నారు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల వార్డుల్లో పగలు నలుగురికి ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు అని చట్టం తెచ్చింది. 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం మరణాలు తగ్గాయి, ఇంటికి పంపినవాళ్లు మళ్లీ చేరడం తగ్గింది, ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి. అలా మిగిలిన డబ్బు కొత్త నర్సులకైన ఖర్చుకి రెండింతలు దాటింది.

ఇక్కడ అలాగే మిగులుతుందా? రోజుకింత అని వసూలు చేసే ప్రైవేటు ఆసుపత్రికి, పేషెంటు రెండు రోజులు ముందు వెళ్తే మిగిలేదేమీ లేదు, తగ్గేదే. మిగిలేది మనకి. కానీ ఆరోగ్యశ్రీగా మనకి అలవాటైన ఎన్టీఆర్ వైద్య సేవలో ఆపరేషన్‌కి ఇంత అని ప్యాకేజీ ఉంటుంది. అక్కడ పేషెంటు కోలుకుని త్వరగా వెళ్తే ఆసుపత్రికీ లాభమే. ప్రభుత్వమే డబ్బు కడుతోంది కాబట్టి సిస్టర్ల సంఖ్య చూపించమని షరతు పెట్టే అధికారమూ ప్రభుత్వానిదే.

బోర్డు మీద ఏం రాయాలి

నేరుగా చట్టం అడగకుండా బోర్డు ఎందుకు అడుగుతున్నాను? ఒక్కో నర్సుకి ఇంతమంది పేషెంట్లకి మించకూడదని కాలిఫోర్నియాలో 2004 నుంచి చట్టం నడుస్తోంది, మనకీ రావాలి. కానీ వైజాగ్‌లోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ లాంటి చోటు గురించి ఆలోచించండి. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు నుంచే కాదు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దుల నుంచి కూడా ఆఖరి ఆశగా అక్కడికే వస్తారు. పేషెంట్లు ఎక్కువయ్యారని ఆ గేటు ముయ్యలేం, ముయ్యకూడదు కూడా. సంఖ్య దాటితే నేరం అనే చట్టం ముందు తగిలేది అలాంటి ఆసుపత్రికే. బోర్డు ఎవరినీ వెనక్కి పంపదు. భారం ఎక్కడ ఎంత ఉందో అందరికీ కనిపించేలా చేస్తుంది. పోస్టులు నింపాల్సింది ఎవరో వాళ్లనే అడిగే వీలు కల్పిస్తుంది.

ఇంగ్లండ్‌కి ఇలా అంకెలు బయటపెట్టే పద్ధతి పెద్ద దెబ్బ తగిలాకే వచ్చింది. స్టాఫర్డ్ ఆసుపత్రిలో దాహంతో ఉన్న పేషెంట్లు పూలజాడీల్లో నీళ్లు తాగారన్న మాటలు బయటికొచ్చాయి. 2013లో రాబర్ట్ ఫ్రాన్సిస్ విచారణ నివేదిక వచ్చింది. మరుసటి ఏడాది నుంచి ఆసుపత్రులు వార్డులవారీగా ఎంతమంది నర్సులు ఉండాలో, నిజంగా ఎంతమంది ఉన్నారో ప్రకటించాల్సి వచ్చింది.

ఇక్కడ దొంగ లెక్కలు రాస్తారన్న భయం నాకుంది. నర్సింగ్ స్టూడెంట్లను కలిపేస్తారు, ఎఫ్ఎన్ఓలను (మహిళా నర్సింగ్ ఆర్డర్లీలను) కలిపేస్తారు. ముందు చెప్పిన గ్రిఫిత్స్ బృందం పరిశోధనలో సహాయకులను పెంచినంత మాత్రాన నర్సుల లోటు తీరలేదని కూడా తేలింది. అందుకే బోర్డు మీద రిజిస్టర్డ్ నర్సులు ఒక వరసలో, స్టూడెంట్లు, సహాయకులు వేరే వరసల్లో ఉండాలి. ఉండాల్సినవాళ్లు ఎందరు, ఉన్నవాళ్లు ఎందరు అని రెండూ ఉండాలి.

ఇదంతా మా పిన్ని కూతురికి చెప్పాను. సంతోషిస్తుందనుకుంటే భయపడింది. "బోర్డు చూసి కోపం వచ్చినవాళ్లు యాజమాన్యం దగ్గరికి వెళ్తారా అక్కా? ఎదురుగా ఉన్న నా మీదే అరుస్తారు. అర్ధరాత్రి నేనొక్కదాన్నే ఉంటాను" అంది. ఇది కొట్టిపారేసే మాట కాదు. డ్యూటీలో ఉన్న సిస్టర్ల మీద చెయ్యి చేసుకున్న వార్తలు చదువుతూనే ఉన్నాం.

దాని మీద ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి తనే రెండు షరతులు చెప్పింది. బోర్డు కింద సంతకం డ్యూటీ సిస్టరుది ఉండకూడదు. నర్సింగ్ సూపరింటెండెంటుదీ, ఆసుపత్రి నడిపే అధికారిదీ ఉండాలి, పేర్లతో సహా. ఆ పక్కనే ఒక ఫోన్ నంబరు ఉండాలి. అంకె చూసి అడగాలనుకున్నవాళ్లు ఆ నంబరుకి చెయ్యాలి, రాత్రి రెండింటికైనా ఆ ఫోను యాజమాన్యంలో ఒకరు ఎత్తాలి. "ఆ ఫోను మాత్రం మా డెస్కు మీద పెట్టకూడదు" అని గట్టిగా చెప్పింది.